ఆర్నాల్డ్ తీసేసిన వాక్యం సమగ్ర సంపుటంలో ఎక్కడ ఉండాలి?

పాతపుస్తకాలవాడు:

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిషు కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ వచన రచనలన్నిటినీ ఆర్.హెచ్. సూపర్ పరిష్కరించగా, మిషిగన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1960 నుంచి 1977 దాకా 11 సంపుటాలుగా వేసింది. పని గొప్పదే, కాదనను. ఒక్కచోట మాత్రం నాకు మింగుడు పడడం లేదు.

1866 జూలైలో, ఓటు హక్కు ఇంకా ఎక్కువమందికి ఇవ్వాలంటూ వచ్చిన జనం లండన్‌లో హైడ్ పార్కు ఇనుప కంచెను పడగొట్టారు. ఆ అలజడి వేడి చల్లారకముందే ఆర్నాల్డ్ ‘కల్చర్ అండ్ అనార్కీ’ వ్యాసాలు రాశాడు. 1869లో అవి పుస్తకమయ్యాయి. ముగింపులో, రగ్బీ స్కూలు హెడ్మాస్టరుగా పేరుపొందిన తన తండ్రి పాత ఉత్తరం నుంచి ఒక మాట ఉదహరించాడు. అల్లర్లకు పాత రోమన్ పద్ధతే సరైనదట: గుంపులో వాళ్లను కొరడాలతో కొట్టాలి, నాయకులను టార్పియన్ కొండ (రోమ్‌లో నేరస్థులను తోసి చంపే చోటు) మీద నుంచి తోసెయ్యాలి. ఈ అభిప్రాయాన్ని మేము వదులుకోలేము అని తన వంతుగా చేర్చాడు కూడా. 1875లో వచ్చిన రెండో ముద్రణలో ఆ భాగం లేదు. సూపర్ పద్ధతి రచయిత చివరిగా దిద్దిన పాఠాన్ని అనుసరించడం కాబట్టి, అది సంపుటం చివర పాఠభేదాల్లోకి, అంటే ముద్రణల మధ్య తేడాల పట్టికలోకి పోయింది.

నా వాదన ఒక్కటే. దాని చోటు ప్రధాన పాఠంలోనే. మాధుర్యం, వెలుగు అంటూ సంస్కృతిని బోధించిన మనిషి అదే పుస్తకంలో కొరడా కూడా పట్టుకున్నాడు. అది తెలియడానికి పాఠకుడు చివరి పేజీల్లో వెతుక్కోవాలా?

గౌతమీతీరం:

అయ్యా, మీకు 1869 పాఠమే కావాలంటే అధ్యాయాల పేర్లు వదులుకోండి. ‘స్వీట్‌నెస్ అండ్ లైట్’, ‘బార్బేరియన్స్, ఫిలిస్టీన్స్, పాపులేస్’ వంటి శీర్షికలన్నీ 1875లో పెట్టినవే. మొదటి ముద్రణలో ఉన్నవి అంకెలు మాత్రమే. శీర్షికలు రెండో ముద్రణవి, కొరడా మొదటి ముద్రణది కలిపితే, అలాంటి పుస్తకాన్ని ఆర్నాల్డ్ ఎన్నడూ రాయలేదు.

ఇంతకీ ఆయన దాచిందేమిటి? వీధుల్లో భారీ ఊరేగింపులను, పార్కుల్లోకి బలవంతపు చొరబాట్లను ఏమాత్రం వెనకాడకుండా అణచాలన్న మాట 1875లోనూ చెక్కుచెదరలేదు. పోయింది తండ్రి వాక్యం. కొడుకు అభిప్రాయానికి వచ్చిన లోటేమీ లేదు.

సాగరిక:

రచయిత చివరి మాట అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఎప్పటి చివరి మాట?

1852లో, ఎట్నా అగ్నిపర్వతంలో దూకిన గ్రీకు తత్త్వవేత్త ఎంపెడొక్లీస్ మీద ఆర్నాల్డ్ రాసిన ‘ఎంపెడొక్లీస్ ఆన్ ఎట్నా’ వచ్చింది, కవి పేరు ఉండవలసిన చోట ‘ఎ’ అన్న ఒకే ఒక్క అక్షరంతో. 50 ప్రతులైనా అమ్ముడుపోకముందే ఆర్నాల్డ్ దాన్ని వెనక్కి తీసుకున్నాడు. మరుసటి ఏడాది వేసిన సంపుటంలో ఆ నాటకీయ కావ్యం లేదు. ఎందుకు లేదో చెప్పే ముందుమాట ఉంది: క్రియ రూపంలో బయటపడే దారి లేని వేదన, భరించడం తప్ప చేయగలిగిందేమీ లేని స్థితి కావ్యవస్తువుగా పనికిరావని. ఇంగ్లిషు విమర్శలో గట్టిగా నిలబడ్డ వ్యాసమది. తమాషా ఏమిటంటే, అదే కావ్యంలోని ‘కాడ్మస్ అండ్ హార్మోనియా’ పాట మాత్రం ఆ సంపుటంలో ఉంది! 1867లో తోటి కవి రాబర్ట్ బ్రౌనింగ్ అడిగాడని చెప్పి మొత్తం కావ్యాన్ని మళ్లీ అచ్చువేశాడు. ఆర్నాల్డ్ 1860లో పోయి ఉంటే, మీ సూత్రం ప్రకారం అగ్నిపర్వతం అంచున నిలబడ్డ ఆ తత్త్వవేత్త అనుబంధంలో పడి ఉండేవాడు.

ఇంకో సంగతి. ఆర్నాల్డ్ ప్రసిద్ధ కవిత ‘డోవర్ బీచ్’ మొదటి 28 పంక్తుల పెన్సిలు ప్రతి దొరికింది ఎంపెడొక్లీస్ జీవితం గురించి ఆర్నాల్డ్ రాసుకున్న నోట్సు కాగితం వెనక వైపున. ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాక ఆ కవితను విడిగా చదవడం నా వల్ల కాలేదు.

పాతపుస్తకాలవాడు:

ధన్యవాదాలు. మీరు నా పక్షమే అన్నమాట.

సాగరిక:

కాదండీ. కావ్యం మొత్తం వెనక్కి తీసుకుంటే అది విడి రచన, విడిగా వేయాల్సిందే. వాదంలోంచి ఒక వాక్యం తీసేయడం దిద్దుబాటు. ఆ హక్కు ప్రతి రచయితకూ ఉంది.

గౌతమీతీరం:

మనకు కన్యాశుల్కం ఉండనే ఉంది. 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ 1909 నాటికి ఎంతగా తిరగరాశారంటే, మొదటిదాన్ని పాఠభేదాల పట్టికగా మార్చాలని ఎవరికీ తోచలేదు. రెంటినీ విడివిడిగా చదువుతున్నాం. ఆర్నాల్డ్ మార్పులు ఆ స్థాయివి కావు కాబట్టి పట్టిక చాలు.

విశ్రాంతపంతులు:

ఆర్నాల్డ్ 1851 నుంచి 1886 దాకా బడుల ఇన్‌స్పెక్టరు. ఆ సంగతి లేకుండా ఈ చర్చ నాకు కుంటుతున్నట్టుంది. పిల్లల పరీక్ష ఫలితాలను బట్టి బడికి గ్రాంటు అనే విధానాన్ని (మన మద్రాసు ప్రెసిడెన్సీ బడులకూ ఆ రాత తప్పలేదు) తన శాఖే తెస్తుంటే, 1862లో ‘ఫ్రేజర్స్ మ్యాగజైన్’లో పేరు లేకుండా దాన్ని ఎండగట్టాడు. ఉద్యోగానికి ఎసరు వచ్చే పని అది. ఆ వ్యాసాన్ని సూపర్ రెండో సంపుటంలో చేర్చాడు. సంతకమే లేని రచనను వెతికి తెచ్చి ప్రధాన పాఠంగా వేసినవారు, పేరు పెట్టి అచ్చువేసిన పేరాను వెనక్కి నెట్టడం ఏ న్యాయం?

గౌతమీతీరం:

పంతులుగారూ, ఏ రచనలు చేర్చాలన్నది ఒక ప్రశ్న, చేర్చినదాన్ని ఏ పాఠంతో వేయాలన్నది మరొకటి. మొదటిదానికి ‘సమగ్ర’ అన్న పేరే జవాబు.

పాతపుస్తకాలవాడు:

సరే, ప్రధాన పాఠంలో కుదరదంటే అదే పేజీ అడుగున వేయండి, 1869 అని ఏడాదితో సహా. నాలుగు వరుసలకు చోటు దొరకదా?

గౌతమీతీరం:

అలా అయితే నాకు పేచీ లేదు.

సాగరిక:

నాకుంది. 1875లో ఆయన చేసిన మార్పు ఇదొక్కటే కాదు. గొడవ రేపే వాక్యానికి పేజీ అడుగున చోటు, మిగతావి పుస్తకం వెనక అంటే, అది పాఠ పరిష్కరణ అనిపించుకోదు, ఆర్నాల్డ్ మీద మీరు నడిపే కేసు అవుతుంది. అన్నీ కిందికి తెస్తారా, తెండి. లేదంటే సూపర్ పెట్టినచోటే ఉండనివ్వండి.