కంపెనీ చేతులు మారుతోంది, రాజీనామా ఇచ్చి కొత్తగా చేరమంటున్నారు. పాత సర్వీసు నిలబడాలంటే ఏం రాయించుకోవాలి?

అమ్ముతున్నది వాటాలు కాదు, వ్యాపారాన్నే. వాటాలు మాత్రమే మారితే యజమాని అదే కంపెనీ కాబట్టి ఈ చిక్కే ఉండేది కాదు. ఇక్కడ 40 మందినీ రాజీనామా చేసి, కొత్త చేరిక తేదీతో అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోమంటున్నారు. చాలామందికి 4 ఏళ్ల పైచిలుకు సర్వీసు ఉంది.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ఎఫ్ సెక్షన్‌లోని మూడు షరతులు తెలుసు: సర్వీసు తెగకూడదు, జీతం, షరతులు తగ్గకూడదు, రేపు తొలగిస్తే మొత్తం సర్వీసుకు కొత్త యజమానే పరిహారం ఇవ్వాలి. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే ఉంది. ఇవి పాటించకపోతే నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం రావాలి. కానీ రాజీనామా రాసిస్తే మనంతట మనమే వెళ్లిపోయామని వాదిస్తారు. గ్రాట్యుటీకి కావలసిన 5 ఏళ్లూ మళ్లీ సున్నా నుంచి లెక్కపెడతారు. అసలు భయం అదే.

రాజీనామాకు బదులు పాత యజమాని, కొత్త యజమాని, ఉద్యోగి ముగ్గురి సంతకాలతో బదిలీ ఒప్పందం అడగాలనుకుంటున్నాం. ‘గ్రాట్యుటీ, సెలవులు, తొలగింపు పరిహారం అన్నిటికీ మొదట చేరిన తేదీ నుంచి నిరంతర సర్వీసుగా లెక్కిస్తాం’ అన్న వాక్యం చాలా? పాత గ్రాట్యుటీ బాకీ ఎవరిదో, మిగిలిన సెలవులు ఎన్నో విడిగా రాయించాలా? ఇంకొకటి: ఈ రక్షణ చట్టం ప్రకారం కార్మికులైనవాళ్లకే కాబట్టి, హోదా మేనేజర్, చేసేది గుమాస్తా పని అయినవాళ్లు కార్మికులమని చూపడానికి ఏ కాగితాలు దాచుకోవాలి?

పీఎఫ్ మాత్రం విత్‌డ్రా చేయకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) మీద బదిలీ చేయిస్తున్నాం. సంతకాలకు వారమే గడువు. ఇలాంటి ఒప్పందాలు చూసినవాళ్లు దయచేసి చెప్పండి.