మోకాళ్ల నొప్పి బిళ్ళ రెండు నెలలుగా వాడుతున్న అమ్మకు పాదాల వాపు, ఏం చేయాలి?

ప్రశ్న:

మా అమ్మకు 63 ఏళ్లు. సూర్యాపేట దగ్గర పల్లెలో ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లో మోకాళ్లు పట్టేస్తే ఎముకల డాక్టర్‌కు చూపించాం. అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 కలిసిన బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులకు రాశారు. ఆపితే నొప్పి మళ్లీ వస్తోందని అమ్మ ఖాళీ షీటు మెడికల్ షాపులో చూపించి తెచ్చుకుంటూ రెండు నెలలుగా వేసుకుంటోందట. నాకు నిన్ననే తెలిసింది. నొప్పి ఎక్కువైన రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది కూడా వేయించుకుంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతుంది. పది రోజులుగా పాదాలు వాస్తున్నాయి, బీపీ 160/96 ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, నేను ఫార్మసిస్టుని, ఇరవై ఏళ్లకు పైగా మందుల షాపులో ఉన్నాను. నొప్పి బిళ్ళ ఇవాళే ఆపించండి. దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదమేమీ లేదు. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రేపటికల్లా డాక్టర్‌కు చూపించి క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది), పొటాషియం పరీక్షలు చేయించండి.

ఇంత తొందర ఎందుకంటే, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి. నొప్పి, వాపు పుట్టించేవీ అవే. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాటి తయారీని తగ్గిస్తాయి. నొప్పి తగ్గుతుంది కానీ కిడ్నీకి రక్తం తగ్గుతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలబడతాయి. పాదాల వాపు, బీపీ పెరగడం అందువల్ల కావచ్చు. అమ్మ బీపీ మాత్రలో టెల్మిసార్టన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కూడా ఉంది. ఈ రెండింటికి నొప్పి బిళ్ళ తోడైతే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. ఎండలో పనిచేసి నీళ్లు తక్కువ తాగినా, విరేచనాలైనా ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఆ సూది ఏమిటో కనుక్కోండి. నొప్పికి ఎక్కువగా వేసేది డైక్లోఫెనాకే. అదే అయితే ఒకే జాతి మందు ఆ రోజు రెండు దారుల్లో ఒంట్లోకి వెళ్లినట్టు. అసిక్లోఫెనాక్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, అమ్మ బిళ్ళలతోనే అక్కడికి చేరింది. జ్వరమొస్తే విడిగా పారాసిటమాల్ 650 వేసేవాళ్లు ఈ బిళ్ళలో ఉన్న 325ని కూడా లెక్కలో కలుపుకోవాలి. షీటు మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. ఖాళీ షీటు చీటీ కాదు.

మరో సభ్యురాలు:

మా మామయ్యగారు గుండెకు ఆస్పిరిన్ 75 వాడేవారు. నడుం నొప్పికి నాలుగు వారాలు డైక్లోఫెనాక్ వేసుకున్నారు. విరేచనం తారులా నల్లగా వస్తుంటే ఐరన్ మాత్ర వల్లే అనుకున్నాం. కళ్లు తిరిగి పడిపోతే హాస్పిటల్‌కు తీసుకెళ్లాం, కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు. తిన్నాకే వేసుకునేవారండీ! అయినా అలా జరిగింది.

జవాబు:

అవునమ్మా, తిన్నాక వేసుకుంటే కడుపులో మంట తగ్గుతుందే కానీ పుండు పడదన్న హామీ లేదు. మందు రక్తంలో కలిశాక కడుపు లోపలి పొరకు ఉన్న రక్షణను తగ్గిస్తుంది. సూదితో తీసుకున్నా అంతే. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ కడుపును చాలావరకు కాపాడుతుంది, కిడ్నీని మాత్రం కాపాడదు. నల్ల విరేచనం, కాఫీ పొడి లాంటి వాంతి, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. డెంగ్యూ అనుమానం ఉన్న జ్వరంలో ఈ బిళ్ళలు అసలు వద్దు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:

పరీక్ష చేయించాం. క్రియాటినిన్ 1.7 వచ్చింది, పోయినేడాది 0.9 ఉండేది. డాక్టర్ నొప్పి బిళ్ళ మానేయమన్నారు, బీపీ మాత్ర మార్చారు. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ చేయిస్తే 1.1కి దిగింది, వాపు పోయింది. ఇప్పుడు నొప్పికి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ జెల్ రాశారు. జెల్‌లోనూ అదే జాతి మందు కదా అని భయం.

జవాబు:

చాలా సంతోషం తల్లీ. జాతి అదే, కానీ చర్మం మీద పూసిన మందులో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. కిడ్నీ రిపోర్టు చూసిన డాక్టరే రాశారు కాబట్టి చెప్పినంత మేరకు వాడండి. పుండ్లు, గీతల మీద రాయవద్దు, రాశాక వేడి కాపడం పెట్టవద్దు, చేతులు కడుక్కోమనండి. వాపు మళ్లీ కనిపిస్తే ఆపి డాక్టర్‌కు చూపించండి. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి, మోకాలికి అది నిజంగా పనిచేస్తుంది. అమ్మ వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి, బీపీ మాత్రల డబ్బాలో పెట్టండి. సూది వేయించుకోవడానికి వెళ్లినా ముందు అది చూపించమనండి.