ఇసబ్‌గోల్, లాక్టులోజ్ వాడినా తగ్గని మలబద్ధకం
పర్లాకిమిడిలో ఉంటున్న మా అమ్మగారికి 67 ఏళ్లు. ఏడాదిగా వారానికి రెండుసార్లకు మించి విరేచనం కావడం లేదు. అయినప్పుడు కూడా మలం గట్టి ఉండలుగా, ఎంతో ముక్కితే గాని రాదు. రక్తం పడటం, బరువు తగ్గడం లేవు. థైరాయిడ్, కాల్షియం పరీక్షలు సరిగానే ఉన్నాయి. ఆకుకూరలు, రాగి అంబలి, తగినంత నీరు, రాత్రి ఇసబ్‌గోల్, ఆపై లాక్టులోజ్ 15 మి.లీ. చొప్పున నెలల తరబడి ఇచ్చినా కడుపుబ్బరమే పెరిగింది. రక్తపోటుకు ఆమ్లోడిపిన్, రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు. రెండింటి వల్లా మలబద్ధకం కలగవచ్చు గనుక నా అనుమానం ముఖ్యంగా వాటిమీదే ఉంది, అయితే వైద్యుణ్ణి అడగకుండా వాటిని ఆపే సాహసం చేయలేను. బరంపురంలో జీర్ణకోశ నిపుణుణ్ణి కలిసినప్పుడు ముందుగా ఈ మందులు మార్చమని అడగాలా, లేక మలద్వార కండరాలు సరిగా సడలుతున్నాయో లేదో చూసే పరీక్ష చేయించమని కోరాలా?