అప్‌డేట్: కాంటెస్సా కారు ఏసీ మళ్లీ చల్లబడింది (బరంపురం)

నేనడిగింది ఇదీ: ఆర్-12 (పాతకాలం కూలింగ్ గ్యాస్)తో నడిచే పాత ఏసీ, గ్యాస్ నింపిన పది రోజులకే ఖాళీ. కూలింగ్ కాయిల్ మార్చమన్నారు చాలామంది. కాయిల్ బాగానే ఉంది.

నైట్రోజన్ 150 పీఎస్ఐ ఎక్కించి సబ్బునీళ్లు రాస్తే కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) కింది మూల బుడగలొచ్చాయి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి కదా, కండెన్సర్ ఫిన్నులు (పల్చటి రేకులు) వేలితో నొక్కితే పొడై రాలిపోతున్నాయి. సీల్, కండెన్సర్ రెండూ కొత్తవి వేశాం.

గ్యాస్‌ని ఆర్-12 నుంచి కొత్త రకం ఆర్-134ఏకి మార్చాం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. పాత మినరల్ ఆయిల్ ఈ గ్యాస్‌తో కలవదు. కాయిల్లోనే పేరుకుపోతుంది, కంప్రెసర్ నూనె అందక పట్టేస్తుంది. అందుకే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ విప్పి, కాయిల్, పైపులు విడివిడిగా ఫ్లష్ చేసి, నైట్రోజన్‌తో ఊది, ఎస్టర్ ఆయిల్ పోశాం. కంప్రెసర్‌లో మాత్రం ఫ్లష్ ద్రవం పొయ్యకూడదు, పాత నూనె వంచెయ్యడమే. ఓ-రింగులన్నీ మార్చాం. కొత్త డ్రయర్ (గ్యాస్‌లోని తేమ పీల్చే డబ్బా) మూత అన్నిటికన్నా చివర్న తీయాలి. మన తేమకి కాసేపట్లోనే నీళ్లు పీల్చేస్తుంది.

45 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేశాం. పంపు అరగంట ఆపితే గేజ్ ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. ఆర్-12 కొలత 900 గ్రాములు. అందులో 80 శాతం, 720 గ్రాములే ఎక్కించాం. "ఇంకాస్త కొట్టనా?" అన్నాడు మెకానిక్. వద్దన్నాను, ఎక్కువైతే హై సైడు (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికెళ్లే వైపు) ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.

35 డిగ్రీల ఎండలో లో సైడు (గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు) 35, హై సైడు 225 పీఎస్ఐ. వెంట్ దగ్గర 9 డిగ్రీలు. ట్రాఫిక్‌లో ఆగితే 14కి ఎక్కుతోంది. కండెన్సర్ ముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్ బాకీ.