దుబాయ్ నుంచి ఫోను, ల్యాప్‌టాప్, టీవీ: కస్టమ్స్ డ్యూటీ ఎంత పడుతుంది?

గోదారిగట్టు (నవంబర్ 2024)
మా అన్నయ్యా వదినా వారం రోజులకు దుబాయ్ వెళ్లొస్తున్నారు, దిగేది శంషాబాద్‌లో. 1,10,000 రూపాయల ఫోను, కొత్త ల్యాప్‌టాప్, 30,000 చేసే 43 అంగుళాల టీవీ తేవాలనుకుంటున్నారు. మనిషికి 50,000 రూపాయల సరుకు వరకు డ్యూటీ మినహాయింపు కదా, ఇద్దరిదీ కలిపి లక్ష అనుకోవచ్చా? ఫోను డబ్బా పారేస్తే డ్యూటీ అడగరంటున్నారు, నిజమేనా?

రెడ్‌ఛానెల్
కలపడం కుదరదండీ. ఒక వస్తువుకు ఒకరి మినహాయింపే. 1,10,000లో 50,000 తీసేస్తే మిగిలిన 60,000 మీద 38.5 శాతం, అంటే 23,100 రూపాయలు. (35 శాతం డ్యూటీ, దాని మీద 10 శాతం సర్‌ఛార్జీ కలిస్తే 38.5.) దిర్హాములను రూపాయల్లోకి మార్చేది కస్టమ్స్ ప్రకటించిన రేటుతోనే, గూగుల్ రేటుతో కాదు.

టీవీకి అసలు మినహాయింపే లేదు. 30,000కి 11,550 కట్టాలి. దానికన్నా ఇక్కడ కొనుక్కోవడమే మేలు.

ల్యాప్‌టాప్ 18 ఏళ్లు నిండినవారికి ఒకదానికి డ్యూటీ అసలు లేదు, ఆ 50,000తో సంబంధం లేదు. ఇక్కడి నుంచి పాతది కూడా పట్టుకెళ్తుంటే, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించి, సీరియల్ నంబరుతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు రెండు కనిపిస్తాయి, ఏది పాతదో నిరూపించుకోవాల్సింది మీవాళ్లే.

డబ్బా పారేసే సలహా దయచేసి పాటించకండి. డ్యూటీ పడే సరుకుతో గ్రీన్ ఛానెల్‌లో (కట్టాల్సిందేమీ లేనివారి దారి) నడిచి పట్టుబడితే వస్తువు జప్తు చేయొచ్చు, విడిపించుకోవాలంటే డ్యూటీతో పాటు జరిమానా కూడా కట్టాలి. బిల్లు చేతిలో పట్టుకుని రెడ్ ఛానెల్‌కి (డ్యూటీ కట్టేవారి దారి) వెళ్లమనండి. ముందే కస్టమ్స్ వాళ్ల అతిథి యాప్‌లో డిక్లరేషన్ నింపుకుంటే అక్కడ పని తొందరగా తెములుతుంది.

ఎడారిపిట్ట
దుబాయ్‌లో కొనేవాటి మీద వ్యాట్ (అమ్మకపు పన్ను) 5 శాతం, పర్యాటకులకు అందులో చాలావరకు తిరిగిస్తారు. బిల్లు 250 దిర్హాములు దాటితే, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ట్యాక్స్ ఫ్రీ చీటీ అడగాలి. తర్వాత అడిగితే ఇవ్వరు. ఎయిర్‌పోర్టులో బ్యాగులు చెక్‌ఇన్ చేయకముందే వ్యాట్ వాపసు కౌంటర్‌కి వెళ్లాలి, వస్తువు చూపించమంటారు. చాలామంది తప్పేది ఇక్కడే: సూట్‌కేస్ బెల్టు మీద వెళ్లిపోయాక గుర్తొస్తుంది. కట్టిన వ్యాట్‌లో 87 శాతం, అందులోంచి చీటీకి 4.80 దిర్హాములు తీసుకుని మిగతాది ఇస్తారు.

రెడ్‌ఛానెల్ (ఫిబ్రవరి 2026)
ఈ పాత చర్చ చూసి లెక్క వేసుకునేవారి కోసం: ఫిబ్రవరి 2 నుంచి మినహాయింపు 75,000 అయింది. అదే ఫోనుకైతే ఇప్పుడు 35,000 మీదే డ్యూటీ. ల్యాప్‌టాప్ సంగతి మారలేదు.