టెక్నికల్ ప్రెజెంటేషన్‌లో పీపీటీ మీద ఎంత రాయాలి? మన సరిహద్దు ఊళ్లలో ఏది పనిచేస్తుంది?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుని. పోయిన నెల పంపుల బేరింగులు ఎందుకు తొందరగా పోతున్నాయో మావాళ్లకి చెప్పమన్నారు. అరగంట టైం, ముప్పై మంది. నలుగురు మేనేజర్లు, కొందరు షిఫ్ట్ ఇన్‌చార్జులు, మిగతా అంతా ఫిట్టర్లు, హెల్పర్లు. సగం మందికి ఇంట్లో తెలుగు, బయట ఒడియా. కొందరి ఇంటి భాష కువి. మేనేజర్లలో ఇద్దరికి హిందీ, ఇంగ్లిష్ తప్ప మరోటి రాదు.

నిరుడు ఇదే విషయం 38 స్లైడ్లతో చెప్పాను. ఒక్కోదాని మీద పది లైన్లు. నేను తెర చూసి చదువుతూ పోయాను, వాళ్లు ఫోన్లు చూసుకున్నారు. ఈసారి నెట్‌లో సలహాలు చదివి అక్షరమే లేకుండా ఫొటోలు, గ్రాఫులు పెట్టాను. 11 స్లైడ్లు. ఇది ఇంకా ఘోరమైంది. నా ఒడియా అంతంత మాత్రం, మధ్యమధ్యలో ఇంగ్లిష్‌లోకి జారిపోయాను. పట్టుకోవడానికి తెర మీద ఒక్క ముక్క కూడా లేదు. చివర్లో డౌట్లు ఉన్నాయా అంటే ఎవరూ నోరు విప్పలేదు. వారం తిరక్కుండా అదే పంపుకి మళ్లీ గ్రీజు ఎక్కువ కొట్టేశారు. నేను అరగంట చెప్పిందే అది.

ఇంతకీ నా ప్రశ్న. మనలాంటి చోట స్లైడ్ మీద పూర్తిగా రాయాలా, బొమ్మలతో సరిపెట్టాలా? మీ అనుభవం చెప్పండి.

గజపతి_మాస్టారు (పర్లాకిమిడి)

బాబూ, ముప్పై ఏళ్లకి పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా మాట ఒకటే, ప్రొజెక్టర్ కట్టేసి బోర్డు దగ్గరికి వెళ్లండి. సుద్దముక్కతో బేరింగు గీస్తే మీ చెయ్యి ఎంత వేగంగా కదులుతుందో వినేవాడి బుర్రా అంతే వేగంగా నడుస్తుంది. బయటి రింగు, లోపలి రింగు, మధ్యలో గుండ్రటి ఉక్కు గుళ్లు, వాటి మధ్య గ్రీజు. ఒక్కోటి గీస్తూ ఒక్కో మాట చెప్పాలి. అదే స్లైడ్ అయితే మొత్తం బొమ్మ ఒక్కసారిగా మీదపడుతుంది. మీరు ఎక్కడ చెబుతున్నారో వాడు ఎక్కడ చూస్తున్నాడో ఎవరికీ తెలీదు.

భాష సంగతి కూడా చెబుతాను. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మా పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలని ముందు ఆయన సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లలు తన భాష నేర్చుకుని వచ్చేదాకా కూర్చోలేదు. నూరేళ్ల కిందటే ఈ నేల మీద తేలిపోయిన విషయం ఇది. వినేవాడి భాషకి చెప్పేవాడే నడిచి వెళ్లాలి. మీరు ముప్పై మంది ముందు ఇంగ్లిష్‌లోకి జారిపోయానన్నారే, నాకు బాధ కలిగించింది అదే.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను రీసెర్చ్ స్కాలర్‌ని. బేరింగు బొమ్మ సుద్దతో గీయొచ్చు. ఆరు నెలల వైబ్రేషన్ రీడింగులు సుద్దతో ఎలా గీస్తారు? గీసినా అది ఉజ్జాయింపే కదా. మెయింటెనెన్స్‌లో డబ్బు మంజూరు చేయించేది ఆ గ్రాఫే.

నాగావళి గారూ, పూర్తిగా రాయడం, అసలు రాయకపోవడం అని రెండే దారులు అనుకుంటున్నారు. మధ్యలో ఇంకోటి ఉంది. మైకేల్ ఆలీ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఇంజనీర్లకి నేర్పే పద్ధతి అది. స్లైడ్ పైన శీర్షిక బదులు ఒక పూర్తి వాక్యం, అంటే మీరు నిరూపించబోయే మాట. కింద దానికి రుజువుగా బొమ్మో గ్రాఫో. బులెట్ పాయింట్లు ఉండవు. నిరుటి మీ స్లైడ్ పైన బహుశా ‘పంప్ 3: వైబ్రేషన్ ట్రెండ్’ అని ఉండి ఉంటుంది. అది చదివితే ఏం తెలుస్తుంది? ‘గ్రీజు ఎక్కువైన వారంలోనే పంపు 3 వైబ్రేషన్ పెరిగింది’ అని రాయండి. గ్రాఫ్‌లో ఆ వారం దగ్గర ఒక బాణం గుర్తు పెట్టండి. మీ భాష తడబడినా ఆ వాక్యం తెర మీద నిలబడి ఉంటుంది.

బొమ్మలు మాత్రమే పెట్టమనే సలహా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్ట్ చేసిన ప్రయోగాల్లో, బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే బాగా తలకెక్కింది. నోటితో చెప్పేదే మళ్లీ తెర మీద అక్షరాల్లో పెడితే తగ్గింది. కళ్లు అటు చదవాలా, బొమ్మ చూడాలా అని తన్నుకుంటాయి. అయితే దీనికి ఆయనే మినహాయింపులు చెప్పారు. వినేవాళ్లకి అది సొంత భాష కాకపోయినా, పదాలు కొత్తవైనా తెర మీద అక్షరాలు సాయపడతాయి. నెట్‌లో సలహాలు రాసేవాళ్లు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశారు. మన రాయగడ, జయపురం, బరంపురం సభలన్నీ ఆ రెండో సగంలోకే వస్తాయి.

చిలికా_పక్షి (ఛత్రపురం)

చిన్న మాట. తెలుగు గానీ ఒడియా గానీ స్లైడ్‌లో రాస్తే వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌లో డబ్బాలు డబ్బాలుగా కనపడొచ్చు. ఫాంట్ అందులో ఉండదు. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి. అరగంట ముందే వెళ్లి, ఆఖరి వరసలో కూర్చుని మీ స్లైడ్ మీరే చదివి చూడండి.

కొండదారి (దమన్‌జోడి)

నేను సేఫ్టీ విభాగంలో ఉన్నాను. స్లైడ్ల మీద నాకసలు నమ్మకం లేదు. బోర్డు మీద కూడా లేదు. ముఖ్యమైన సాంకేతిక విషయం ఏదైనా రెండు పేజీల కాగితం మీద వాక్యాల్లో రాసి ఇవ్వాలి. చెప్పడం దాని తర్వాత.

కొలంబియా అంతరిక్ష నౌక సంగతి అందరికీ తెలుసు. మన కల్పనా చావ్లా ఉన్న నౌక. 2003 జనవరి 16న పైకి లేస్తుండగా ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే, దెబ్బ ఎంత తీవ్రమో ఇంజనీర్లు లెక్కలు వేసి నాసా వాళ్లకి స్లైడ్ల మీద చూపించారు. అందులో ఒక స్లైడ్ శీర్షిక చదివితే ఏం ఫర్వాలేదన్న అర్థమే వస్తుంది. కింద ఒకదాని లోపల ఒకటిగా బులెట్లు. అన్నిటికన్నా అడుగున ఉంది అసలు సంగతి. తగిలిన ముక్క సుమారు 1920 ఘనపు అంగుళాలు, ఆ లెక్కలకి ఆధారమైన పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్ష లెక్కలు ఇక్కడ పనికిరావని అరిచి చెప్పాల్సిన అంకె అది. అడుగున పడి ఉంది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది, ఏడుగురూ పోయారు. ఒక స్లైడ్ వల్లే అంతా జరిగిందని నేననను, నిర్ణయాల్లో ఇంకా చాలా లోపాలున్నాయి. కానీ సాంకేతిక నివేదికల స్థానంలో స్లైడ్లు వాడటాన్ని దర్యాప్తు బోర్డు ఆ ఏడాది ఆగస్టు రిపోర్టులో తప్పుపట్టింది.

నేను రిపోర్టు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ 1920, 3 గుర్తొస్తాయి. బులెట్ రాసేటప్పుడు రెండు విషయాల మధ్య ‘కాబట్టి’, ‘అయినా సరే’ అని రాయక్కర్లేదు. వాక్యం రాస్తే రాసి తీరాలి. ఆలోచనలో బొక్క ఎక్కడుందో అక్కడ బయటపడుతుంది. అమెజాన్‌లో 2004 నుంచి పెద్దల మీటింగులకి పీపీటీ తీసేసి, రాసిన కాగితాన్ని ముందు అందరూ మౌనంగా కూర్చుని చదివే పద్ధతి పెట్టారు.

గజపతి_మాస్టారు (పర్లాకిమిడి)

కొండదారి గారూ, మీ అంకె నన్ను కదిలించింది. కానీ రెండు పేజీలు ఏ లిపిలో ఇస్తారు? మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లలో పిల్లలు ఒడియా బడిలో చదువుకున్నారు. మాట తెలుగు, అక్షరం ఒడియా. అమెజాన్ మీటింగుల్లో అందరూ ఒకే భాష చదవగలిగినవాళ్లు.

గ్రీజు_గన్ (గుణుపురం)

అందరికీ నమస్తే సార్. నేను ఫిట్టర్‌ని, పన్నెండేళ్ల సర్వీసు. మాస్టారు చెప్పింది నా గురించే. తెలుగు మాట్లాడతాను, తెలుగు చదవలేను. ఫోన్‌లో మాట్లాడి ఈ పోస్టు రాయిస్తున్నాను, మా అమ్మాయి సరిచేసింది, మీరు రాసినవి కూడా తనే చదివి వినిపించింది.

ఇలాంటి మీటింగుల్లో నేను వెనక కూర్చుంటాను. మాకు అర్థం కాక నోరు మూసుకుంటామని అనుకుంటారు. అది కొంతే. ముందు వరసలో పెద్ద సార్లు ఉంటారు. నాకు వచ్చిన డౌటు ఒడియాలో అడిగితే సార్‌కి తెలీదు, హిందీలో అడిగితే నాకు తిరగదు, తెలుగులో అడిగితే మేనేజర్ గారు పక్కకి చూస్తారు. ఏమడిగాడని ఎవరైనా నవ్వితే ఆ రోజంతా మనసు బాగోదు. అందుకే అడగం.

ఇంకొకటి, నాగావళి సార్ ఏమీ అనుకోవద్దు. గ్రీజు ఎక్కువ కొట్టొద్దని మాకూ ఏళ్లుగా చెబుతున్నారు. ఎక్కువ అంటే ఎంత? గన్ ఎన్నిసార్లు నొక్కాలి? ఆ అంకె ఎవరూ చెప్పరు. గ్రీజు తక్కువై బేరింగు పట్టేస్తే మమ్మల్ని అంటారు, ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. మేము ఎక్కువే కొడతాం. ఆగిపోయిన బేరింగు ఒకటి కోయించి చేతికివ్వండి, కాలి నల్లబడిన గ్రీజు ముట్టుకుని చూస్తే మాకు గ్రాఫు అక్కర్లేదు.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

అన్నా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. శీర్షిక బదులు వాక్యం రాయమని నేనన్నాను, కానీ నా వాక్యంలో కూడా ‘గ్రీజు ఎక్కువైన’ అనే ఉంది. అంకె లేదు. తప్పు ఒప్పుకుంటున్నాను. గ్రాఫు విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. బడ్జెట్ ఇచ్చేవాళ్లకి అది చూపించి తీరాలి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

గ్రీజు గన్ అన్నా, మీకు చెయ్యెత్తి దండం. రెండు రోజులుగా ఇదే ఆలోచన. నా 38 స్లైడ్లలో గ్రీజు రసాయనం, చిక్కదనం, ఉష్ణోగ్రత అన్నీ ఉన్నాయి. ఎన్నిసార్లు నొక్కాలో లేదు. ఎందుకంటే నేనెప్పుడూ లెక్క వేయలేదు. నిన్న వేశాను.

బేరింగు బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్లలో తీసుకుని, రెండిటినీ గుణించి 0.005తో గుణిస్తే మళ్లీ పట్టాల్సిన గ్రీజు గ్రాముల్లో వస్తుంది. అందరూ వాడే సూత్రమే. మా పంపులో ఉన్నది 6310 నంబరు బేరింగు. బయటి వ్యాసం 110, వెడల్పు 27. లెక్క వేస్తే 14.85, అంటే 15 గ్రాములు. తర్వాత మా గన్‌తో పదిసార్లు కాగితం మీద కొట్టి తూకం వేశాను. 12 గ్రాములు వచ్చింది. అంటే ఒక నొక్కుకి 1.2 గ్రాములు, మొత్తం 12 లేదా 13 నొక్కులు. మావాళ్లు ముప్పై దాకా కొడుతున్నారు. గ్రీజు నిండా ఉంటే గుళ్లు దాన్ని చిలుకుతూ తిరుగుతాయి, వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె విడిపోతుంది.

శనివారం మళ్లీ టైం అడిగాను. ఫిట్టర్లకి విడిగా, వర్క్‌షాప్‌లో, తెలుగు ఒడియా కలిపి చెబుతాను. తెర ఉండదు. మేనేజర్లకి మర్నాడు ఆఫీసులో నాలుగు స్లైడ్లు, పైన వాక్యం, కింద గ్రాఫు.

గజపతి_మాస్టారు (పర్లాకిమిడి)

విడగొట్టకండి బాబూ. ఫిట్టరు అడిగే ప్రశ్న మేనేజరు చెవిన పడాలి. ‘తక్కువైతే తిడతారు, ఎక్కువైతే అనరు’ అన్నాడే ఆయన, ఆ మాట ఏ గ్రాఫులోనూ రాదు. గ్రీజు వృథాకి అసలు కారణం అదే కావచ్చు.

కొండదారి (దమన్‌జోడి)

నేను విడగొట్టమనే అంటాను. పెద్దవాళ్లు కూర్చుంటే ప్రశ్న రాదని ఆయన చెప్పాక కూడా కలిపి కూర్చోబెడితే మళ్లీ అదే మౌనం. ఫిట్టర్లు అడిగినవి నాగావళి గారు రాసుకుని, ఎవరి పేరూ లేకుండా మర్నాటి కాగితంలో మొదటి పేరాగా పెట్టాలి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

మాస్టారూ, మీ మాట కొట్టిపారేయడం లేదు. ఈసారికి విడిగానే చేస్తాను. తిట్ల సంగతి మొదటి పేరాలో రాస్తాను. ఒడియా మాటలు మా స్టోర్స్‌లో ఒకాయన చేత ముందే రెండుసార్లు పలికించుకుంటాను.

గ్రీజు_గన్ (గుణుపురం)

సార్, ఒకటి మర్చిపోకండి. ఊడదీసిన బేరింగులు మామూలుగా అయితే స్క్రాప్ డబ్బాలోకి పోతాయి. శనివారం దాకా ఆగితే దొరకవు. రేపు పొద్దున్నే వెళ్లి ఒకటి తీసి దాచుకోండి, గ్రీజు తుడవకండి.