గ్వాంగ్‌జౌకు తొలి ప్రయాణం: సరుకు ఎలా చూడాలి, ఊరు ఎలా చూడాలి?

ప్రశ్న

నమస్కారం. నేను కర్టెన్ల బట్ట, దుప్పట్లు, దిండు గలీబుల టోకు వ్యాపారం చేస్తుంటాను. ఇంతవరకు మధ్యవర్తుల ద్వారానే చైనా సరుకు తెప్పించుకున్నాను. ఈసారి అక్టోబరు నెలాఖరులో స్వయంగా గ్వాంగ్‌జౌ వెళ్ళి, పది రోజులు ఉండి, అక్కడ జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన క్యాంటన్ ఫెయిర్‌తో పాటు అక్కడి మార్కెట్లను కూడా చూసి రావాలనుకుంటున్నాను. నాకు చైనీస్ భాష రాదు, పైగా శాకాహారిని. ఏ వరుసలో తిరిగితే రోజులు వృథా కావో, డబ్బు విషయంలో ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. పని ముగిశాక రెండు రోజులు ఊరు చూడాలని కూడా ఉంది.

మొదటి జవాబు

ముందుగా తేదీలు సరిచూసుకోండి, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. 1957 నుంచి జరుగుతున్న ఈ ఫెయిర్ ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, ప్రతిసారీ మూడు దశలుగా జరుగుతుంది. ఒక దశలో కనిపించిన సరుకు మరో దశలో కనిపించదు. శరత్తులో సాధారణంగా అక్టోబరు 15న మొదలయ్యే తొలి దశ యంత్రాలకు, ఎలక్ట్రానిక్స్‌కు, 23న మొదలయ్యే రెండవ దశ గృహాలంకరణ, కానుకల వస్తువులకు కేటాయిస్తారు. మీకు కావలసిన బట్టలు, దుప్పట్లు అక్టోబరు 31 నుంచి నవంబరు 4 వరకు జరిగే మూడవ దశలో ఉంటాయి. కాబట్టి 27, 28 తేదీలకు చేరుకొని, ముందు మార్కెట్లు తిరిగి ధరలు తెలుసుకొని, ఆ తరువాత ఫెయిర్‌లో అడుగుపెడితే బేరానికి బలం వస్తుంది. ఫెయిర్ జరిగే పజౌ ప్రాంగణం మెట్రో 8వ లైనుపైనే ఉంది.

గ్వాంగ్‌జౌలో ఒక్కొక్క వీధి ఒక్కొక్క సరుకుది. యిదె రోడ్డు బొమ్మలకు, ఎండు సముద్రపు ఆహారానికి పేరు పొందింది. రైల్వే స్టేషన్ దగ్గర బైమా భవనం దుస్తులది. ఫాంగ్‌త్సున్ వైపు తేయాకు మార్కెట్ ఉంటుంది. మీరు వెళ్ళవలసింది జొంగ్‌దా బట్టల మార్కెట్టుకు, అదీ 8వ లైను దగ్గరే. అక్కడ ఒక్క రోజులో అంతా చూడాలని పరుగెత్తకండి. దుకాణం గోడలనిండా కొక్కేలకు నమూనా ముక్కలు వేలాడుతుంటాయి, ఒక్కొక్క ముక్కకు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను, పన్నాను (బట్ట వెడల్పును), చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో, కనీసం ఎన్ని మీటర్లు కొనాలో దుకాణం కార్డు వెనుకే రాసుకొని, ఆ నమూనా ముక్కను కూడా దానికే పిన్ను చేయండి. మూడవ రోజుకు ఏ బట్ట ఏ దుకాణానిదో గుర్తుండదు.

నా తొలి ప్రయాణంలో జరిగింది కూడా చెబుతాను. గచ్చకాయ రంగు కర్టెన్ల బట్టకు ఒక దుకాణంలో ఆర్డరిచ్చి, నమూనా ముక్కను వారి దగ్గరే వదిలి వచ్చాను. నెల తరువాత తాన్లు విప్పితే సగం ఒక ఛాయ, సగం మరో ఛాయ; వేరువేరు విడతల్లో అద్దకం వేసిన బట్టను కలిపి కట్టారు. నా దగ్గర నమూనా లేదు కాబట్టి నోరెత్తడానికి ఆధారం లేకపోయింది. అప్పటి నుంచి ఒకే ముక్కను రెండుగా కత్తిరించి, రెంటి మీదా ఇద్దరమూ సంతకాలు చేసి, చెరొకటి ఉంచుకుంటున్నాము. అడ్వాన్సు 30 శాతం, మిగతా 70 శాతం సరుకు ఓడకెక్కే ముందు ఇవ్వడం అక్కడ పరిపాటి. ఆ రెండవ చెల్లింపుకు ముందే తాన్లను విప్పించి చూడండి, లేదా తనిఖీకి మనిషిని పంపండి. డబ్బు ఒప్పందంలో ఉన్న కంపెనీ ఖాతాకే వెళ్ళాలి. చివరి నిమిషంలో ఖాతా మారిందని సందేశం వస్తే, మీకు తెలిసిన పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్న తరువాతనే చెల్లించండి.

రెండవ జవాబు

పై మిత్రులు వ్యాపారం సంగతి వివరంగా చెప్పారు. రోజువారీ అవసరాల గురించి నేను రాస్తాను. అక్కడ టీ కొట్టులో కూడా ఫోన్‌తోనే డబ్బు చెల్లిస్తారు. బయలుదేరే ముందే ఫోన్‌లో అలీపే గాని, వీచాట్ గాని (డబ్బు చెల్లించే యాప్‌లు) పెట్టుకొని మీ అంతర్జాతీయ కార్డును జోడించండి; ఒక్కసారి చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. కొంత నగదు కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. గూగుల్, వాట్సాప్ అక్కడి ఇంటర్నెట్‌లో పనిచేయవు, అంతర్జాతీయ రోమింగ్ ఉన్న సిమ్‌తో అయితే పనిచేస్తాయి. హోటలు చిరునామాను చైనీస్ అక్షరాలలో ఫోన్‌లో ఫోటోగా ఉంచుకోండి. ఉచ్చారణ కాస్త తేడాగా ఉన్నా టాక్సీ డ్రైవరుకు అర్థం కాదు.

శాకాహారం విషయంలో "మాంసం వద్దు" అంటే సరిపోదు. కూరగాయల వేపుడులో కూడా ఓయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసే సాస్), పంది కొవ్వు, మాంసం పొడి పడుతుంటాయి. ఇవేవీ తిననని చైనీస్‌లో వివరంగా రాయించుకొని చూపండి. బౌద్ధాలయాల దగ్గర శుద్ధ శాకాహార భోజనశాలలు ఉంటాయి. విదేశీ వర్తకులు ఎక్కువగా తిరిగే షియావోబెయ్ వైపు దక్షిణాసియా, అరబ్బు వంటకాలు కూడా దొరుకుతాయి. ఎవరైనా వ్యాపారి ఉదయపు టీకి పిలిస్తే తప్పక వెళ్ళండి. వేడి టీతో గిన్నెలు, కప్పులు తొలిచి, ఆ నీటిని పక్క పాత్రలో పోసిన తరువాతే తినడం మొదలుపెడతారు. ఎదుటివారు మీ కప్పు నింపుతున్నప్పుడు రెండు వేళ్ళతో బల్లను మెల్లగా తట్టడమే అక్కడి కృతజ్ఞత.

మూడవ జవాబు

మీ రెండు రోజుల కోసం నా సలహా ఇది. 600 మీటర్ల క్యాంటన్ టవర్ రాత్రి నది ఒడ్డు నుంచి చూస్తేనే అందంగా ఉంటుంది, పైకెక్కడానికి పూట వెచ్చించనవసరం లేదు. ఆ పూటను నాన్‌యుఎ రాజు సమాధి మ్యూజియానికి ఇవ్వండి. 1983లో భవన నిర్మాణానికి కొండను తవ్వుతుండగా బయటపడిన ఆ సమాధిలో, క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దపు రాజు ఝావో మో 2,291 జేడ్ (పచ్చరాయి) పలకలను పట్టు దారంతో కుట్టిన కవచంలో శయనించి ఉన్నాడు. అదే సమాధిలో ఏనుగు దంతాలు, పర్షియా శైలి వెండి పెట్టె దొరికాయి. అంటే ఈ ఊరి వర్తకం ఆనాటికే సముద్రం దాటిందన్నమాట.

రెండవ రోజు షిసాన్‌హాంగ్ (ఆ పేరుకు అర్థం పదమూడు కోఠీలు, అంటే పాత వర్తక భవనాలు) నుంచి షామియెన్ దీవి వరకు నడవండి. 1757 నుంచి 1842 వరకు యూరప్ వర్తకులను చక్రవర్తి ఈ ఒక్క రేవులోనే వ్యాపారం చేయనిచ్చాడు. ఆ పదమూడు కోఠీలు 1856లో కాలిపోయినా, అదే పేరున్న చోట ఇవాళ దుస్తుల టోకు మార్కెట్ నడుస్తోంది. దారిలో హువాలిన్ ఆలయాన్ని చూడండి. భారతదేశం నుంచి సముద్రమార్గాన వచ్చిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు అడుగుపెట్టిన చోటు అదేనని అక్కడివారి నమ్మకం. ఆ చిన్న ప్రాంగణంలో నిలబడినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. టికెట్టును 27వ తేదీకి మార్చుకుంటున్నాను. దుభాషిని దుకాణదారులే ఏర్పాటు చేస్తారని విన్నాను, అది సరేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

వద్దండి. దుకాణం ఏర్పాటు చేసే మనిషికి దుకాణమే కమీషన్ ఇస్తుంది, ఆ మొత్తం మీ ధరలోనే కలుస్తుంది. రోజుకింత అని మాట్లాడుకొని మీరే పెట్టుకోండి. తొలిరోజు ఏమీ కొనకుండా రెండు మూడు దుకాణాలలో ధర అడిగించి, ఆ దుభాషి మీ మాటను పూర్తిగా చెబుతున్నారా, కుదించి చెబుతున్నారా అన్నది గమనించండి. మీరు నాలుగు వాక్యాలు అడిగితే వారు ఒక్క మాటతో ముగిస్తున్నట్లయితే మరునాడు ఇంకొకరిని చూసుకోండి.